ముప్పావు అంగుళం

15 జూన్ 1959, సోమవారం

ఇవాళ్టి నుంచి డైరీ తెలుగులో రాస్తాను. ఇరవై ఏళ్లుగా ఉర్దూలో రాసుకున్నవి ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాటి మానాన అవి ఉంటాయి. ఇది చేతికి అలవాటు కావడానికి మాత్రమే, ఇంకే కారణమూ లేదు.

బడి తెరిచారు. హెడ్‌మిస్ట్రెస్ శంకరమ్మ గారు నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం చూపించారు. ఈ ఏడాది నుంచి ఎనిమిదో తరగతి లెక్కలు తెలుగులో చెప్పాలి. జనవరిలో ఇన్‌స్పెక్టర్ వచ్చి నా పాఠం వింటారు. బాగుందంటే లెక్కల టీచరుగా కొనసాగుతాను. లేదంటే ప్రైమరీ పిల్లలకు కుట్టుపని క్లాసు.

"నీకు లెక్కలు రావని ఎవరన్నరు విద్యావతీ? గాని ఇగ తెలుగుల చెప్పాలె గద," అన్నారావిడ, నా మొహం చూడకుండా.

తెలుగు మా ఇంటి భాషే. పప్పులో ఉప్పు తక్కువైతే తెలుగులోనే విసుక్కుంటాం. కానీ నేను బడిలో అడుగు పెట్టిన రోజు నుంచి త్రిభుజం ముసల్లస్, వృత్తం దాయిరా, శంకువు మఖ్రూత్. పదిహేడేళ్లుగా ఆ మాటల్లోనే ఆడపిల్లలకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు నా సొంత భాషలో నేను ఒకటో తరగతి. నవ్వొచ్చింది. బాధేమీ లేదు.

17 జూన్

అబిడ్స్‌లో ఎనిమిదో తరగతి తెలుగు లెక్కల పుస్తకం కొన్నాను. కొట్టతను "బిడ్డకా అమ్మా?" అన్నాడు. ఔనన్నాను.

28 జూన్, ఆదివారం

నాంపల్లి ఇంట్లో ఉండేది ముగ్గురం: అన్న, వదిన, నేను. జనార్దనన్న లక్డీకాపూల్ ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఆయనకూ ఇదే గోస, ఉర్దూ ఫైళ్లన్నీ కట్టలు కట్టి పైన పడేశారట. అందుకే నన్ను ఏడిపించడంలో ఆయనకు ఒక తృప్తి ఉంది. పుస్తకం తన చేతిలో పెట్టుకుని, ఈజీ చైర్లో వాలి, ప్రశ్నలు అడుగుతాడు.

"ఏంది విద్యా, వృత్త వైశాల్యం జర చెప్పు."

"వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో గుణించి, మళ్లీ ఇరవై రెండు బై ఏడుతో."

"త్రిభుజం?"

"భూమి ఇంటూ ఎత్తు, అందులో సగం."

"స్తూపం ఘనపరిమాణం?"

"అడుగు వైశాల్యం ఇంటూ ఎత్తు. శంకువు అందులో మూడో వంతు."

"ఫస్ట్ క్లాస్! గిట్లనే చదివితే పాసైతవ్," అంటాడు. వదిన వంటింట్లోంచి నవ్వుతుంది. నలభై ఏళ్లు రాబోతున్నాయి నాకు.

లెక్క తప్పదు, మాటే తడబడుతుంది. నోట్లో ముందు పాత మాట వస్తుంది, దాన్ని మింగి కొత్తది అనాలి. ఆ మింగే క్షణం పిల్లలకు కనబడకూడదు.

6 జులై

రేఖాగణితం మొదటి పాఠం. బోర్డు మీద త్రిభుజం గీసి, మూలలకు క, ఖ, గ అని పేర్లు పెట్టాను. గీసి వెనక్కి తిరిగితే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అక్షరాలు కుడి మూల నుంచి పెట్టుకుంటూ వచ్చాను, ఉర్దూలో పెట్టినట్టు. నలభై మంది నలభై త్రిభుజాలు అలాగే గీసుకున్నారు. సరిదిద్దలేదు. ఎటు నుంచి మొదలుపెట్టినా వైశాల్యం ఒకటే.

9 జులై

సరిదిద్దాను.

21 ఆగస్టు

వృత్తం అయింది. వారం రోజులు పట్టింది.

మూడో బెంచీలో నర్మద అని ఒక పిల్ల ఉంది. స్టేషన్ వెనక సందులో రేకు డబ్బాలు చేసే బీరయ్య కూతురు. అన్నిటికీ "ఎందుకు టీచర్?" అంటుంది. త్రిభుజంలో సగం ఎందుకని అడిగితే కాగితం మడిచి చూపించాను. ఇరవై రెండు బై ఏడు ఎందుకని అడిగితే దారం తెచ్చి గ్లాసు చుట్టూ చుట్టించాను. నా ఉర్దూ క్లాసుల్లో ఇలా అడిగిన వాళ్లు లేరు. అడగనిచ్చానో లేదో గుర్తు లేదు.

2 డిసెంబర్

శంకువు మొదలుపెట్టాను. పక్క తలం వైశాల్యానికి ఏటవాలు ఎత్తు, ఘనపరిమాణానికి నిలువు ఎత్తు. ఈ రెండూ వేరని పదిసార్లు చెప్పాను. రెంటినీ కలగాపులగం చేసిన ఆరుగురిని నిలబెట్టాను.

చివర్లో నర్మద లేచింది.

"టీచర్, మూడో వంతే ఎందుకు? సగం ఎందుకు కాదు?"

నాకు జవాబు తెలియదు. పదిహేడేళ్లు ఎక్ తిహాయీ, ఎక్ తిహాయీ అంటూ చెప్పాను. నాకు ఎవరు చెప్పారో వాళ్లూ అంతే చెప్పారు.

"సూత్రం అంతే. రాసుకో," అన్నాను.

కూర్చుంది. రాసుకోలేదు. నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదని ఇప్పుడు రాస్తున్నాను కానీ అప్పుడు ఆ పిల్ల మీదే.

5 డిసెంబర్, శనివారం

మూడో వంతని చూపించవచ్చు. ఎందుకో చెప్పలేకపోయినా, ఔనని కళ్లకు చూపించవచ్చు. రేకుతో ఒక శంకువు, అదే మూతి, అదే ఎత్తు ఉన్న స్తూపం. శంకువు నిండా ఇసుక తీసి స్తూపంలో పోస్తే మూడుసార్లకు నిండాలి. ఇన్‌స్పెక్టర్ ముందు ఇదే చేస్తాను. మాట తడబడినా ఇసుక తడబడదు.

బడి వదిలాక బీరయ్య దుకాణానికి వెళ్లాను. దుకాణమంటే రెండు అరుగుల మధ్య జాగా. మనిషి సన్నగా, చెవిలో పెన్సిలు ముక్కతో, టంకం పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, ఒక డబ్బా బోర్లించి పైన గుడ్డ పరిచాడు.

"కూసోండి టీచరమ్మా. మా నర్మద ఏమన్న చేసిందా?"

"ఏమీ చేయలేదు. నీతో పని పడింది." చెప్పాను: ఒక గుండ్రటి డబ్బా, మూతి ఆరు అంగుళాలు, ఎత్తు ఆరు. ఒక గరాటు లాంటిది, కింద కన్నం ఉండొద్దు, మూతి ఆరు, ఎత్తు ఆరు.

"ఆరుకు ఆరా? అల్కగైతది. సగం చందమామ కోస్తే అయిపాయె," అన్నాడు.

చందమామ సంగతి నేను అడగలేదు. ఎప్పుడిస్తావన్నాను. పది రోజులన్నాడు.

18 డిసెంబర్

కాలేదు. నుమాయిష్ ఎగ్జిబిషన్ దగ్గర పడింది, స్టాళ్ల వాళ్లందరికీ రేకు పెట్టెలు, బోర్డులు కావాలట. "జర ఆగండమ్మా, మీది మంచిగ చేస్త."

6 జనవరి 1960

కాలేదు. ఇన్‌స్పెక్షన్ ఇరవై ఒకటిన అని కాగితం వచ్చింది. పేరు సోమయాజులు గారు. కోస్తా వైపు వారు, లెక్కల్లో ఎమ్మే అట. పిల్లల్లో వెనకపడిన వాళ్లను ఆ రోజు రానివ్వొద్దని శంకరమ్మ గారు అన్నారు. అందరూ వస్తారన్నాను. ఎందుకో నా మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

17 జనవరి, ఆదివారం

పొద్దున బీరయ్యే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. రెండూ తళతళలాడుతున్నాయి. అతుకు ఎక్కడుందో వేలితో వెతికితే గానీ తెలియదు. నర్మద పోరు పెడితే మిగిలిన రేకుతో దానికీ అలాంటి జతే చేసి ఇచ్చాడట. "ఆడుకుంటది," అన్నాడు, కొంచెం సిగ్గుపడి.

మధ్యాహ్నం పెరట్లో ఇసుక జల్లించి పోసి చూశాను.

ఒకటి. రెండు. మూడు. నిండలేదు.

పైన ముప్పావు అంగుళం ఖాళీ ఉంది. నాలుగోసారి పోస్తే సగంలోనే పొర్లిపోయింది. మళ్లీ చేశాను. తట్టి, సర్ది, అంచు గీసి చేశాను. నాలుగుసార్లు చేశాను. మూడున్నరకు కొంచెం తక్కువ. ప్రతిసారీ అంతే.

మూతులు కొలిచాను. రెండూ ఆరే. డబ్బా ఎత్తు ఆరు. శంకువు పక్కన స్కేలు ఆనించాను. ఆరు.

అన్న వచ్చి చూసి, "ఏంది, ఇసుకతో ఆడుకుంటున్నవా?" అన్నాడు. మొజంజాహీ మార్కెట్ నుంచి అంగూర్ పళ్లు తెచ్చాడు. తిన్నాను.

రేకు పనివాడు ఎక్కడో తేడా చేశాడు. మళ్లీ చేయించే టైము లేదు.

18 జనవరి

డబ్బా అడుగు అతుకులోంచి ఇసుక కారుతుందేమోనని అనుమానం వచ్చింది. లోపల అడుగున గుండ్రటి అట్టలు వేస్తే మంచిది. ఇంట్లో గట్టి అట్టలు లేవు. ట్రంకు పెట్టెలోని పాత ఉర్దూ లెక్కల పుస్తకాల అట్టలు తీశాను. ఎలాగూ ఎవరూ చదవరు. మూడు అంగుళాల వ్యాసార్ధంతో వృత్తాలు గీసి కత్తిరించాను. కత్తెర మొండిది, చేయి నొప్పి పుట్టింది.

పన్నెండు పట్టాయి. పన్నెండు వేశాక మూడుకే నిండింది.

పై అట్ట నల్లగా కనబడుతోందని, అన్న సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం అంటించాను. చూడటానికి నీటుగా ఉంటుందని.

20 జనవరి

ఇసుక కారడం లేదు.

21 జనవరి, గురువారం

ఇన్‌స్పెక్షన్ అయింది. మూడుకే నిండింది.

22 జనవరి

నిన్నటిది రాయాలి.

సోమయాజులు గారు పెద్దమనిషి. వెనక బెంచీలో పిల్లల పక్కనే కూర్చున్నారు. నేను ఒక్కసారి తడబడ్డాను, 'మఖ్' దాకా వచ్చి దగ్గుతో కప్పేసి శంకువు అన్నాను. రేకు జత బల్ల మీద పెట్టి, రెంటికీ మూతి ఒకటే, ఎత్తు ఒకటే అని చెప్పాను. ఇసుక పోయడానికి నేను చేయి చాపుతుంటే ఆయన వెనక నుంచి అన్నారు: "మీరు కాదండీ, పిల్లల చేత పోయించండి. ఆ రెండు జడల అమ్మాయిని పిలవండి."

నర్మద.

వచ్చింది. మొదటిసారి పోసింది. రెండోసారి పోసింది. మూడోసారి సగం పోసి ఆగింది, డబ్బాలోకి చూసింది. ఇంకా పోసింది. నిండింది. అంచు మీద ఇసుకను అరచేత్తో సాపు చేసింది, వాళ్ల నాన్న రేకు మీద చేయి రాసినట్టు. తర్వాత తలెత్తి నా వైపు చూసింది.

నేను క్లాసు వైపు తిరిగి, "ఎన్నిసార్లు?" అన్నాను.

"మూడు టీచర్!" అందరూ.

"భేష్," అన్నారు సోమయాజులు గారు. "సూత్రమంటే ఇలా కంటికి కనబడాలి. నేను కూడా ఎప్పుడూ ఇలా పోసి చూడలేదు సుమండీ." ఆయన దగ్గరికి వచ్చి డబ్బా ఎత్తుతారేమోనని దాన్ని నా వైపు జరుపుకున్నాను. ఎత్తలేదు.

సూత్రం అబద్ధం కాదు. మూడో వంతు అన్నది నిజమే. నిజాన్ని నిజంగా చూపించడానికి అడుగున కాస్త అట్ట వేశాను, అంతే.

25 జనవరి

రిపోర్టు వచ్చింది. శంకరమ్మ గారు చదివి వినిపించారు: విషయం మీద పట్టు ఉన్నది, భాష తృప్తికరం, ప్రదర్శన ప్రశంసనీయం. కొనసాగించవచ్చు. ఆవిడ లేచి వచ్చి నా భుజం తట్టారు. ఇంటికి వస్తే వదిన పాయసం చేసింది. అన్న, "ఇగ నువ్వు తొమ్మిదో తరగతికి ప్రమోట్," అన్నాడు. అందరం నవ్వాం.

28 జనవరి

బాగా నిద్ర పడుతోంది.

29 జనవరి

నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. ప్రయోగం గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. నలభై పుస్తకాల్లో ముప్పై తొమ్మిదింటిలో ఒకటే రాత. నర్మద రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"మా ఇంట్ల ఏడు సార్లు చేసిన. మూడున్నరకు జర తక్కువ పడుతున్నది. బడిల మూడే పట్టింది. బడిల టీచర్ చేసింది కరెక్ట్. మా నాయిన చేసింది తప్పు. పరీక్షల మూడు అని రాస్త."

ఎర్ర సిరా పెన్ను తీశాను. భాషలో తప్పులు ఉన్నాయి. ఒక్కటీ దిద్దలేదు.

31 జనవరి, ఆదివారం

బీరయ్య వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు. చేతిలో నర్మద ఆడుకునే జత.

"అమ్మా, నా చెయ్యి తప్పయిందంట. బిడ్డ చెప్పింది. బడిల మూడు పట్టినయంట, దీంట్ల మూడున్నర దాక పోతున్నయి. రెండు జతలు ఒక్క దినమే కోసిన, ఒక్క దారంతోనే గీసిన. గింత ఫరక్ ఎట్లొచ్చిందో సమజైత లేదు." చేతిలోని శంకువును అటూ ఇటూ తిప్పాడు. "కండ్లు మందగించినయేమో అనుకుంటున్న. గాసునూనె దుకాణమాయన కొలత డబ్బలు చెయ్యమని ఇచ్చిండు. మొన్న పోయి, నాతోని కాదని చెప్పొచ్చిన. కొలత డబ్బ తప్పు చేస్తే పాపం గద అమ్మా. ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. ఇగ పెట్టెలు, బోర్డులు చేసుకుంట."

"నువ్వు ఎట్లా కోశావో చూపించు," అన్నాను.

అరుగు మీద కూర్చున్నాడు. వదిన దగ్గర ముగ్గుపిండి, దారం తెచ్చి ఇచ్చాను. దారం ఆరు అంగుళాలు కొలిచి, ఒక కొస వేలితో నొక్కి పట్టి, రెండో కొసతో గుండ్రంగా గీశాడు. నడిమికి అడ్డగీత. సగం చందమామ.

"దీన్ని చుట్టితే మూతి కరెక్టు ఆరు వస్తది. ఎత్తు ఆరు," అని గాలిలో శంకువు చుట్టి, అంచు నుంచి మొన దాకా వాలు మీద వేలు జార్చాడు. "మాకు ఎత్తు అంటే గిదే. రేకు ఎంత పొడుగుంటే గంత."

వాలు మీద.

నేను లోపల్నుంచి స్కేలు తెచ్చి, అతను తెచ్చిన శంకువులో నిలువుగా దింపి చూశాను. మొన దగ్గర్నుంచి మూతి దాకా ఐదుకు కొంచెం పైన. ఆ రోజు నేనూ స్కేలును పక్కకే ఆనించాను. ఆరని రాసుకున్నాను. ఏటవాలు ఎత్తూ నిలువు ఎత్తూ వేరని పదిసార్లు చెప్పినదాన్ని, అవి తెలియవని ఆరుగురు పిల్లలను నిలబెట్టినదాన్ని. బోర్డు మీద తప్ప శంకువును ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు కదా.

బడి డబ్బా శనివారమే ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాను. అట్టలు ఎవరి కంటా పడకూడదని తెచ్చాను, ఆ మాట నిన్ననే ఇక్కడ రాసి ఉండాల్సింది. దాన్ని తెచ్చి బీరయ్య చేతిలో పెట్టాను. లోపల చేయి పెట్టగానే అతని వేళ్లకు తెలిసిపోయింది.

"అడుగు మీదికున్నది," అన్నాడు. వెండి కాగితాన్ని గోటితో గీరాడు. "గిది నేను పెట్టింది కాదమ్మా."

"నేను పెట్టాను బీరయ్యా. నీ చెయ్యి తప్పలేదు. ఎత్తు ఏదో సరిగ్గా చెప్పనిది నేను. నిండలేదని తెలిసి, నిన్ను అడక్కుండా అట్టలు వేసింది నేను."

తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. వదిన ఛాయ్ ఇచ్చింది, తాగాడు. వెళ్లేటప్పుడు, "నిలువు ఆరు కావాలంటే దారం ఆరుముప్పావుకు జర తక్కువ తీసుకోవాలె. చందమామ సగం కంటే చిన్నగ కొయ్యాలె," అన్నాడు తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. "అది బిడ్డకు మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మదు."

1 ఫిబ్రవరి, సోమవారం

డబ్బా బల్ల మీద పెట్టి నర్మదను పిలిచాను.

"లోపల చెయ్యి పెట్టి ఏముంటే అది తియ్యి."

ఒక్కొక్కటే తీసింది. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, నేను చెప్పకుండానే. పన్నెండు. వెండి కాగితం ఒక్కదానికే. మిగతా వాటి మీద సగం సగం తెగిన ఉర్దూ అక్షరాలు.

"ఏంటివి టీచర్ ఇవి?"

"నా పాత లెక్కల పుస్తకాలు. మూడుకు నిండదని భయపడి అడుగున పెట్టాను. మీతో అబద్ధం చెప్పాను."

తర్వాత నర్మద చేత మళ్లీ పోయించాను. మూడు పోశాక పైన ముప్పావు అంగుళం ఖాళీ. వాలు, నిలువు ఏదో బోర్డు మీద కాకుండా శంకువులో స్కేలు దింపి చూపించాను. ఒక్కొక్కళ్లూ వచ్చి కొలిచారు. రెండు పీరియడ్లు పట్టింది. సోషల్ టీచరు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లిపోయింది.

అందరూ కూర్చున్నాక నర్మద ఇంకా బల్ల దగ్గరే ఉంది.

"అంటే మా నాయిన చేసింది కరెక్టేనా టీచర్?"

"కరెక్టే."

"కొలత డబ్బలు గూడ?"

"అవి కూడా."

అట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నాకు ఇచ్చి వెళ్లి కూర్చుంది. నేను బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. రాయడానికి ఏమీ లేకపోయినా సుద్దముక్క తీసుకుని ఒక వృత్తం గీశాను.

4 ఫిబ్రవరి

శంకరమ్మ గారితో చెప్పాను. "పిల్లలకు చెప్పినవ్, అయిపాయె. రిపోర్టు మంచిగొచ్చింది గద, ఎందుకు తవ్వుతవ్?" అన్నారు. ఆవిడ నా మేలు కోరే అన్నారు.

సోమయాజులు గారికి ఉత్తరం రాశాను. అట్టలు పన్నెండని కూడా రాశాను. పోస్టు చేసే ముందు అన్న చదివాడు.

"తెలుగు మంచిగొచ్చింది నీకు," అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు. "ఫికర్ లేదా?"

లేదన్నాను. ఉంది. చాలా ఉంది. ఆ గది, ఆ నల్లబల్ల పోతే నేనేం చేసుకోవాలో నాకు తెలియదు.

23 ఫిబ్రవరి

జవాబు వచ్చింది. ఆయన స్వదస్తూరితో నాలుగు లైన్లు: "మీ నిజాయితీ నాకు సంతోషం కలిగించినది. అయితే ఆ ప్రదర్శన ఆధారంగా వ్రాసిన నివేదిక ఇక నిలువజాలదు. ఉపసంహరించుచున్నాను. వచ్చే సంవత్సరమునకు ప్రత్యామ్నాయ ఏర్పాటు చేయవలసినదిగా ప్రధానోపాధ్యాయినికి తెలియజేసితిని."

న్యాయంగానే ఉంది.

12 మార్చి

బీరయ్య కొత్త శంకువు పంపాడు, నర్మద చేతికిచ్చి. దారం ఆరుముప్పావుకు జర తక్కువ. లోపల స్కేలు దింపి చూశాను, నిలువు ఆరు. గాసునూనె దుకాణం పని మళ్లీ ఒప్పుకున్నాడట.

13 జూన్

కుట్టుపని క్లాసు. మూడో తరగతి. ముప్పై ఇద్దరు పిల్లలు, ఇరవై ఆరు సూదులు.

2 డిసెంబర్ 1960

పొద్దున గొడుగు గౌనుకు బట్ట ఎలా కత్తిరించాలో చూపించాను. కాగితం మీద దారంతో గుండ్రంగా గీసి, నడిమికి అడ్డగీత. సగం చందమామ. చుట్టి ఎత్తి పట్టుకుంటే పిల్లలు ఓ అన్నారు.

మధ్యాహ్నం పై అంతస్తులోంచి గొంతులు వినిపించాయి. ఎనిమిదో తరగతి. ఒకటి. రెండు. నా క్లాసు కూడా సూదులు ఆపి పైకి చూసింది. నేనూ చూశాను. మూడు. చప్పట్లు.

బడి వదిలాక కొత్త లెక్కల టీచరు నళిని నా కోసం మెట్ల దగ్గర ఆగి ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల, మొదటి ఉద్యోగం. చేతుల్లో బీరయ్య చేసిన జత.

"మూడుకే నిండిందండీ. సరిగ్గా నిండింది. కానీ వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, మూడే ఎందుకు టీచర్ అని అడిగింది. సూత్రం అంతే, రాసుకో అనబోయాను, నోరు రాలేదు. రేపు చెప్తానన్నాను. ఎందుకండీ?"

రేకు ఎండకు వేడెక్కి ఉంది. ఆమె చేతిలోంచి శంకువు తీసుకుని, అతుకు ఎక్కడుందో వేలితో వెతికాను.

నాకూ తెలియదని చెప్పాను. రేపు ఆ పిల్లకు కూడా అదే చెప్పమన్నాను.